ఏ రామాపురం?

పరిశోధన పత్రాలు వెతికిపెట్టే సైట్లలో ‘రామాపురం’ అని కొట్టి చూడండి. చెన్నై రామాపురం పత్రాలు బారులు తీరతాయి. ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయం క్యాంపస్ ఒకటి అక్కడ ఉంది కాబట్టి, అక్కడి అధ్యాపకులు రాసే పత్రాల మీద చిరునామాగా ఆ పేరు పడుతుంది. కేరళలో కొట్టాయం జిల్లాలో ఇంకో రామాపురం. రాయలసీమలో ఏకంగా ఒక మండలానికే ఆ పేరు. వేటపాలెం పక్కన సముద్రం ఒడ్డునున్న మన రామాపురం వీటన్నిటి అడుగున ఎక్కడో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. తెనాలిలోనో రేపల్లెలోనో బస్టాండులో నిలబడి రామాపురానికి దారి అడిగితే, ఎవరైనా ముందు ‘ఏ రామాపురం?’ అని అడుగుతారు. కంప్యూటరు అడగదు. ఆ సంగతి మనమే ముందుగా చెప్పి ఉంచాలి.

అలా చెప్పి ఉంచే మాటలకే మెటాడేటా అని పేరు. పత్రం లోపలి విషయం కాదు, పత్రం గురించిన వివరాలు: ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ సంవత్సరం, ఎన్నో సంపుటం, ఏ పేజీలు, దేని మీద, ఏ ఊళ్లో చేసిన పని. లైబ్రరీలో కేటలాగు కార్డు మీద రాసేవి ఇవే. కార్డు రాయడానికి లైబ్రరీలో ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఎవరి లాప్‌టాప్ వాళ్ల లైబ్రరీ అయ్యాక, ఆ మనిషి ఉద్యోగం కూడా మన నెత్తినే పడింది. చాలామందికి పడ్డట్టు కూడా తెలియదు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. బాపట్ల వ్యవసాయ కళాశాలలో (1945లో పెట్టినది) ఒక అమ్మాయి దొరువుల మీద పరిశోధన మొదలుపెట్టిందనుకోండి. తీరం వెంబడి ఇసుక నేలల్లో తిరిగినవాళ్లకి దొరువు కొత్త కాదు. ఇసుకలో తవ్విన పెద్ద గొయ్యి, లోపలికి దిగడానికి ఏటవాలు దారి, అడుగున మంచినీళ్లు. దిగి ముంచుకుని కూరగాయల మళ్లకు పోసుకునేవాళ్లు. సముద్రానికి అంత దగ్గర్లో తియ్యటి నీళ్లు ఎలా నిలుస్తాయన్నది చక్కటి భౌతికశాస్త్రం. ఉప్పునీళ్ల సాంద్రత దాదాపు 1.025, మంచినీళ్లది 1. వాన నీళ్లు ఇసుకలోంచి దిగి, లోపలి ఉప్పునీళ్ల మీద తేలి ఉంటాయి. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే, మట్టానికి దిగువన దాదాపు 40 అడుగుల దాకా మంచినీళ్లే ఉండాలని లెక్క. డచ్చి ఇంజనీరు బాడన్ గైబెన్ 19వ శతాబ్దం చివర్లో, జర్మన్ హెర్జ్‌బర్గ్ 1901లో ఈ లెక్క తేల్చారు. లెక్కలో ఒక ప్రమాదం కూడా దాగి ఉంది. మోటారు పెట్టి ఒకే చోట గట్టిగా తోడితే పైన ఒక అడుగు తగ్గినందుకు కింద నుంచి ఉప్పునీళ్లు 40 అడుగులు ఎగబాకడానికి చూస్తాయి. బాపట్లలో ఉప్పు నేలలు, ఉప్పునీటి వాడకం మీద పనిచేసే అఖిల భారత పథకం కేంద్రం ఒకటి ఉంది. మెరుగైన దొరువు పద్ధతి అక్కడిదే: నీటి మట్టానికి కొంచెం దిగువన చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, నీళ్లు ఒక బావిలోకి చేరేట్టు చేస్తారు. లోతు నుంచి లాగకుండా, వెడల్పుగా పై పొరను మాత్రం తీసుకుంటారు.

ఇప్పుడు మన విద్యార్థిని దొరువుల మీద ఇదివరకు ఎవరేం రాశారో వెతకాలి. ఇంగ్లిషు అక్షరాల్లో ‘దొరువు’ను ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. కొందరు ఆ మాటే వాడలేదు, ‘స్కిమ్మింగ్ వెల్’ అన్నారు. ఇంకొందరు ‘ఫ్రెష్‌వాటర్ లెన్స్’ అన్నారు, మరికొందరు ‘కోస్టల్ శాండీ సాయిల్స్’ అని శీర్షిక పెట్టి విషయాన్ని మూడో పేజీలో చెప్పారు. విషయం ఒకటే అయినా వెతికే దారులు నాలుగు. ఏ దారిలో ఏం దొరికిందో రాసిపెట్టుకోకపోతే ఆర్నెల్ల తర్వాత అదే వెతుకులాట మళ్లీ మొదటి నుంచి చేయాలి.

దూరపు పేపరు, పక్కూరి పేపరు

డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌ల పేర్లు ఎలా ఉంటాయో పరిశోధకులందరికీ అనుభవమే: అంకెల బారు, లేదా ‘ఫుల్‌టెక్స్ట్’, దాని పక్కన బ్రాకెట్లో 3. ఫైలు లోపల ‘శీర్షిక’ అనే గడి ఒకటి దాగి ఉంటుంది. తెరిచి చూస్తే అందులో ‘మైక్రోసాఫ్ట్ వర్డ్ - ఫైనల్2’ అని కనపడుతుంది. ఎవరో టైపు చేసిన ఫైలును పీడీఎఫ్‌గా మార్చినప్పుడు ఆ పేరు అలాగే అంటుకుపోయింది. అచ్చయిన పత్రానికి లోపల ఇలాంటి పేరుంటే, ఆ గడిని నమ్మే సాఫ్ట్‌వేరుకు అదే అసలు శీర్షిక.

అందుకే పత్రాలను సర్దిపెట్టే జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్లు ఇంకో దారి పట్టాయి. జొటేరోను అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారుల కేంద్రం 2006లో ఉచితంగా వదిలింది. దానికి పీడీఎఫ్ ఇస్తే మొదటి పేజీలు చదివి డీఓఐ కోసం వెతుకుతుంది. డీఓఐ అంటే పత్రానికి శాశ్వతంగా ఇచ్చిన సంఖ్య. 10తో మొదలవుతుంది. 10.1007 అయితే స్ప్రింగర్, 10.1038 అయితే నేచర్ వాళ్లది. ఆ సంఖ్య దొరికితే చాలు, ప్రచురణకర్తలు కలిసి 2000లో మొదలుపెట్టిన క్రాస్‌రెఫ్ సంస్థను అడిగి శీర్షిక, రచయితలు, సంపుటం, పేజీలు అన్నీ గళ్లలో నింపేస్తుంది. క్రాస్‌రెఫ్ దగ్గర ఇలాంటి రికార్డులు 15 కోట్లకు పైనే ఉన్నాయి. లండన్‌లో అచ్చయిన పత్రం మన లైబ్రరీలో కుదురుకోవడానికి రెండు సెకన్లు పట్టదు.

మరి బాపట్ల నుంచి 1954 నుంచీ వస్తున్న ఆంధ్రా అగ్రికల్చరల్ జర్నల్ పాత సంపుటమో? వాటికి డీఓఐ లేదు. దొరికేది స్కాన్ చేసిన బొమ్మ, అందులో కంప్యూటరు చదవగలిగే అక్షరమే ఉండదు. జొటేరో దాని వంక చూసి ఊరుకుంటుంది. శీర్షిక దగ్గర్నుంచి పేజీ నంబరు దాకా అన్నీ మన చేత్తో కొట్టాలి. కృషికోశ్, శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారాల్లో ఉన్న సిద్ధాంత వ్యాసాలు కొంత నయం, కనీసం రికార్డు ఉంటుంది. దూరదేశపు పేపరు గుమ్మంలోకి వస్తుంది, కాలేజీ ప్రహరీ లోపల అచ్చయిన పేపరు రాదు. ఈ తిరకాసు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. సులువుగా దొరికిన వాటినే ఉటంకిస్తాం. ఉటంకించిన వాటినే తర్వాతివాళ్లు చూస్తారు. రామాపురం ఇసుకలో కొలిచిన కొలతలను వదిలిపెట్టి, ఎక్కడో ఫ్లోరిడా ఇసుకలో కొలిచినవి తెచ్చుకుంటాం. మనకు పనికొచ్చే పత్రాల్లో సగం చేత్తో కొట్టాల్సినవే అయినప్పుడు, ఆ కొట్టేదేదో సరిగ్గా కొట్టడం పరిశోధనలో భాగమే. గుమాస్తా పని అనుకుంటే పొరపాటు.

ఇంటిపేరు ఏ గడిలో?

ఎక్కువ తప్పులు జరిగేది రచయిత పేరు దగ్గర. సాఫ్ట్‌వేర్లు తయారైంది ఇంటిపేరు చివర రాసే దేశాల్లో. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ తరచు ఒక పొడి అక్షరంగా మారి. చివర్లో ఉండేది రావు, రెడ్డి, ప్రసాద్, కుమార్. యంత్రం చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. ఫలితం, అక్షర క్రమంలో ఉపయోగపడని రావుల దండు.

ఇది యంత్రాలు రాకముందు నుంచీ ఉన్నదే. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన ప్రయోగశాలల్లో నేటికీ అది ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఫిస్కే అనేది ఆయన ఇంటిపేరు, సుబ్బారావు అనేది ఈయన పెట్టిన పేరు. ఎల్లాప్రగడ అనే ఇంటిపేరు సూచికల్లో ఒట్టి పొడి అక్షరమైపోయింది. ఆయన గౌరవార్థం పేరు పెట్టిన ఒక శిలీంధ్ర ప్రజాతి కూడా సుబ్బరోమైసెస్సే. గణాంకశాస్త్రంలో కల్యంపూడి రాధాకృష్ణారావు గారిదీ ఇదే కథ. క్రామెర్–రావు సూత్రం పేరులోని రావు ఆయనే. ఇంటిపేరు కల్యంపూడి ఆ సూత్రంలో లేదు. పైగా ఆయన ఒక పత్రంలో సి. ఆర్. రావు, ఇంకొక దాంట్లో సి. రాధాకృష్ణారావు. రసాయనశాస్త్రంలో సి. ఎన్. ఆర్. రావు అని మరో మహామహుడున్నారు. ‘రావు, సి.’ అని మాత్రమే వదిలేసిన జాబితాలో ఇద్దరూ ఒకటైపోతారు.

ఏం చెయ్యాలి? కొందరు పట్టుదలకు పోయి ‘ఇంటిపేరు’ గడిలో కల్యంపూడి అని కొడతారు. తెలుగువాళ్ల అభిమానం బాగానే ఉంది గానీ, ప్రపంచమంతా ‘రావు, 1945’ అని రాస్తున్న పత్రం మన జాబితాలో ‘కల్యంపూడి, 1945’ అయి ఎవరికీ అర్థం కాకుండా పోతుంది. ఆ గడి పేరు ఇంటిపేరే అయినా దాని పని వేరు: ఉటంకించేటప్పుడు ముందు ఏ మాట రావాలో చెప్పడమే. కాబట్టి రచయిత సంతకం ఎలా చేశారో, లోకం ఎలా ఉటంకిస్తోందో అలా ఆ గడిలో ఉంచి, పూర్తి పేరును నోట్స్‌లో రాసుకోవడం మేలు. రెండుగా విడగొట్టలేని పేరైతే జొటేరోలో రెండు గళ్లను ఒకటిగా కలిపేసే బొత్తం ఉంది.

ఆడవాళ్ల పేర్లతో ఇంకో చిక్కు. పెళ్లికి ముందు ‘కె. లక్ష్మి’గా రెండు పత్రాలు వేసినావిడ, పెళ్లయ్యాక ‘వి. లక్ష్మి’గా నాలుగు వేస్తే యంత్రం లెక్కలో ఇద్దరు మనుషులు. ఈ జబ్బుకు మందుగా 2012 అక్టోబరులో ఓర్కిడ్ వచ్చింది. పరిశోధకుడికి 16 స్థానాల సంఖ్య ఒకటి ఇస్తుంది. పేరు మారినా, ఉద్యోగం మారినా అది మారదు. 16వ స్థానం మిగతా 15 నుంచి లెక్కగట్టి పెట్టినది, అందువల్ల ఎక్కడ ఒక్క అంకె తప్పు కొట్టినా యంత్రం పట్టేస్తుంది. మన లైబ్రరీలో రచయితలు ఎవరికైనా ఓర్కిడ్ ఉంటే రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. 1960ల్లో రాసినవాళ్లకు అది ఉండదు కదా, అక్కడ నోట్సే దిక్కు.

ఊళ్లు కదలవు, జిల్లాలు కదులుతాయి

ఊరి సంగతికి వద్దాం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. అంతకుముందు బాపట్ల, రేపల్లె గుంటూరు జిల్లావి. తెనాలి ఇప్పటికీ గుంటూరు జిల్లానే. వేటపాలెం ప్రకాశం జిల్లాలోంచి బాపట్లలోకి వచ్చింది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, అంతకుముందు వేటపాలెం కూడా గుంటూరు జిల్లానే. 1953 దాకా మొత్తం మద్రాసు రాష్ట్రం. అంటే రామాపురం ఇసుకలో తీసిన మట్టి నమూనా పత్రం వెలువడిన సంవత్సరాన్ని బట్టి మూడు జిల్లాల పేర్లలో ఏ పేరుతోనైనా ఉండొచ్చు. ‘బాపట్ల జిల్లా’ అని వెతికేవాడికి 2022కు ముందువి తగలవు.

ఇంకో ఉచ్చు ఉంది. జొటేరోలో ‘ప్లేస్’ అని ఒక గడి కనపడుతుంది. పరిశోధన జరిగిన ఊరు రాయమంటోంది కాబోలనుకుని అందులో రామాపురం అని కొడితే, గ్రంథసూచి అచ్చు తీసినప్పుడు ఆ పుస్తకం రామాపురంలో ప్రచురితమైనట్టు వస్తుంది. ఆ గడి ప్రచురణ స్థలం కోసం. పరిశోధన జరిగిన చోటుకు ప్రత్యేకమైన గడే లేదు. ట్యాగులో పెట్టుకోవాలి, పెట్టేటప్పుడు ‘రామాపురం (వేటపాలెం)’ అని విడమర్చి పెట్టాలి. పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో దేశంలోని గ్రామాలకు కోడ్ నంబర్లున్నాయి, మన ఊరికి ఉంటే అదీ కలుపుకోవచ్చు. శివారు పల్లెలకు అన్నిటికన్నా భద్రం అక్షాంశ రేఖాంశాలు. మన తీరానికి దాదాపు 15.8 ఉత్తరం, 80.4 తూర్పు. జిల్లాలు ఎన్నిసార్లు విడగొట్టినా ఈ రెండు అంకెలు చెక్కుచెదరవు.

అన్నట్టు, ‘రేపల్లె’ అని తెలుగులో వెతికితే శ్రీకృష్ణుడి బాల్యం మీద సాహిత్య వ్యాసాలు వస్తాయి. ‘తెనాలి’ అంటే రామకృష్ణ కవి వస్తాడు. ట్యాగులు లేకపోతే ఉప్పునేలల పరిశోధన వికటకవి పక్కన కూర్చోవాల్సి వస్తుంది.

ప్రభవ మాఘం ఎప్పుడు?

సంవత్సరం రాయడంలో చిక్కేముంది అనిపిస్తుంది. రెండు చూపిస్తాను.

సి. ఆర్. రావు గారి ప్రసిద్ధ పత్రం 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో, 37వ సంపుటంలో వచ్చింది. దానికప్పుడు డీఓఐ ఏముంటుంది? 1992లో స్ప్రింగర్ వాళ్లు గణాంకశాస్త్రంలో మేలి మలుపుల సంకలనం వేస్తూ ఈ పత్రాన్ని మళ్లీ అచ్చు వేశారు. ఆ పునర్ముద్రణకు డీఓఐ ఉంది: 10.1007/978-1-4612-0919-5_16. దాన్ని జొటేరోకి ఇస్తే బుద్ధిగా ‘రావు, 1992’ అని నింపుతుంది. అబద్ధం కాదు, ఆ అచ్చు ప్రతి 1992దే. కానీ అలాగే వదిలేస్తే, పాతికేళ్ల కుర్రాడు యుద్ధకాలపు కలకత్తాలో తేల్చిన సంగతి 72 ఏళ్ల పెద్దమనిషి తేల్చినట్టవుతుంది. ‘ఎక్స్‌ట్రా’ గడిలో ‘ఒరిజినల్ డేట్’ అని ఇంగ్లిషులో రాసి పక్కన 1945 పెడితే రెండు సంవత్సరాలూ నిలుస్తాయి.

రెండోది పూర్తిగా మనది. రామాపురం నుంచి వేటపాలెం ఎంతో దూరం లేదు. అక్కడ ఊటుకూరి వేంకట సుబ్బారాయ శ్రేష్ఠి గారు 1918లో స్థాపించిన సారస్వత నికేతనం ఉంది. గాంధీ గారి చేతికర్ర ఒకటి ఆ గ్రంథాలయంలో ఉందని అందరూ చెప్పుకుంటారు గానీ, పరిశోధకులు అక్కడికి వెళ్లేది పాత పత్రికల కోసం. మన విద్యార్థిని అక్కడ ఏదో పాత మాసపత్రికలో తీరపు సేద్యం గురించిన వ్యాసం చూసి, అనుమతి తీసుకుని ఫొటో తీసుకుందనుకుందాం. అట్ట మీద ‘ప్రభవ సంవత్సరం, మాఘ మాసం’ అని ఉంటుంది. తేదీ గడిలో ఏం రాయాలి?

ప్రభవ 60 ఏళ్లకోసారి వస్తుంది: 1927, 1987. కాగితం, అచ్చు చూస్తే ఏదో తెలిసిపోతుంది, 1927 అనుకుందాం. అక్కడితో ఆగితే తప్పే. ప్రభవ 1927 ఏప్రిల్ ఉగాదికి మొదలైంది. మాఘం పదకొండో నెల. అప్పటికి ఇంగ్లిషు సంవత్సరం మారిపోయింది. కాబట్టి ప్రభవ మాఘం అంటే 1928 జనవరి–ఫిబ్రవరి. పుష్యమైతే ఇంకా తంటా, డిసెంబరు చివర మొదలై జనవరిలో ముగుస్తుంది. తేదీ గడిలో 1928-02 లాగా యంత్రానికి అర్థమయ్యేట్టు రాసి, అట్ట మీది మాటను మాత్రం యథాతథంగా నోట్స్‌లో ఉంచాలి. రేపు ఎవరైనా మన లెక్క తప్పంటే సరిచూసుకోవడానికి ఆధారం ఉంటుంది.

కనపడని అక్షరం

తెలుగులో ఉన్న పత్రాల విషయంలో ఇంకో మెట్టు దిగాలి. అను వంటి పాత ఫాంట్లతో కొట్టి పీడీఎఫ్ చేసిన పుస్తకంలోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి. తెర మీద తెలుగే, లోపల తెలుగు లేదు. అలాంటి ఫైలులో ‘దొరువు’ అని వెతికితే ఎన్నేళ్లయినా దొరకదు. యూనికోడ్‌లోకి మార్చిన పాఠాన్నో, కనీసం శీర్షికా సారాంశాలనో పక్కన జతచేసుకోవాలి.

యూనికోడ్‌లో ఉన్నా గొడవ తీరిపోలేదు. ‘పంప్‌సెట్’ అని రాయాలంటే ప కింద స ఒత్తుగా పడకుండా మధ్యలో కనపడని ఒక అక్షరాన్ని నొక్కుతాం. ఒకరు నొక్కుతారు, ఒకరు విడదీసి రాస్తారు, ఇంకొకరు ఒత్తు పడనిస్తారు. మనిషికి ఒకటే మాట, యంత్రానికి మూడు. ‘పైరు’లో ఐత్వం చూడండి. దానికి సొంత కోడ్ ఉంది, ఎత్వానికి కింద తోక తగిలించి రెండు కోడ్లతోనూ రాయొచ్చు. తెర మీద అణుమాత్రం తేడా కనపడదు. పాత మ్యాక్ కంప్యూటర్లు ఫైలు పేర్లను ఇలా విడదీసే దాచేవి. అలాంటి కంప్యూటర్ నుంచి వచ్చిన ఫైళ్లలో ‘పైరు’ అని వెతికితే రాకపోవచ్చు. తప్పు మనదీ కాదు, వెతికే పెట్టెదీ కాదు, రెండు ఐత్వాలది. ఇక గ్రంథం, గ్రంధం వంటి రాతభేదాల సంగతి చెప్పనక్కర్లేదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించాలని తలపెట్టిన మహాయత్నానికి భారతదేశపు కొమ్మ అది. వేల తెలుగు పుస్తకాలు దాని పుణ్యమా అని నేటికీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. స్కానింగుకు యంత్రాలొచ్చాయి, పేర్లు కొట్టడానికి మాత్రం మనుషులే దిక్కు. తెలుగు శీర్షికలను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. రచయిత గడిలో శీర్షిక, శీర్షిక గడిలో సంపుటం నంబరు. పుస్తకం ఉండి కూడా లేనట్టే. తర్వాత తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని ఒక్కొక్క పుస్తకం తెరిచి చూసి, తెలుగులో జాబితాలు కట్టారు. నా దృష్టిలో ఆ జాబితాల విలువ స్కానింగు విలువకు ఏమాత్రం తీసిపోదు.

ట్యాగులు, రంగనాథన్ గారు

ఇన్ని పత్రాలను ఎలా సర్దాలి? మొదట అందరూ చేసేది ఫోల్డర్లు: నేలలు, నీళ్లు, పంటలు. దొరువు నీళ్లతో ఉప్పునేలలో వేరుశనగ పండించిన పత్రం ఏ ఫోల్డర్లోకి వెళ్తుంది? మూడింట్లో పెడితే మూడు ప్రతులు, ఒకదానిలో గీతలు పెడితే మిగతా రెండింటికీ తెలియదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఎస్. ఆర్. రంగనాథన్ గారికి అడ్డొచ్చిన చిక్కు అచ్చంగా ఇదే, అప్పుడవి పుస్తకాలు, అరలు. 1933లో ఆయన ప్రకటించిన కోలన్ వర్గీకరణ ఒక్కో పుస్తకాన్ని ఒకే అరలోకి తొయ్యకుండా ఐదు ప్రశ్నలు వేస్తుంది: ముఖ్య విషయం ఏది, ఏ పదార్థం లేదా గుణం, ఏ పని జరిగింది, ఎక్కడ, ఎప్పుడు. మన పత్రానికి జవాబులు: వేరుశనగ, ఉప్పునీరు, తడి పెట్టడం, రామాపురం (వేటపాలెం), ఏ దశకమో అది. ఈ ఐదింటినీ ట్యాగులుగా పెడితే పత్రం ఒకచోటే ఉంటుంది, ఐదు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది. ‘పాఠకుడి సమయం ఆదా చెయ్యి’ అనే అర్థం వచ్చే సూత్రం 1931లోనే ఆయన పెట్టిందే. (1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు–పెదవడ్లపూడి కాలువ మీద బోటులో పుస్తకాలు పాఠకుల దగ్గరికే తీసుకెళ్లారు. ఆయన ఆదా చేసింది నడక కూడా.)

ట్యాగుల్లో పడే తప్పు, ఒకే వస్తువుకు పది పేర్లు. బాపట్ల పేరెత్తితే గుర్తొచ్చే వరి 1986లో విడుదలైంది. పత్రాల్లో అది బీపీటీ 5204, సాంబ మసూరి. రైతు నోట్లో ఒట్టి 5204, బియ్యం కొట్లో సోనా మసూరి. అసలు సోనా మసూరి వేరే రకం, బీపీటీ 3291. అదీ బాపట్లదే! పైగా 2008లో హైదరాబాదు శాస్త్రవేత్తలు బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణ ద్వారా చొప్పించి తెచ్చిన మెరుగైన సాంబ మసూరి ఇంకొకటి. ‘మసూరి’ అని ఒకే ట్యాగు పెట్టుకున్నవాడు ఒక రకం దిగుబడిని ఇంకో రకానికి అంటగట్టి లెక్క రాసేసే ప్రమాదం ఉంది. ఒక్కో రకానికి ఒక్క పేరు ఖాయం చేసుకుని, మిగతా పేర్లను దానికి మారుపేర్లుగా ఒక చిన్న జాబితాలో రాసుకోవాలి. వ్యవసాయ పదాలకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రోవాక్ పదకోశం పనికొస్తుంది. దాదాపు 40 భాషలున్న దాంట్లో తెలుగూ ఉంది. ‘దొరువు’ వంటి మాటలకు మన సొంత జాబితాయే గతి. ట్యాగులు మరీ ఎక్కువ పెట్టేవాళ్లూ ఉంటారు. పత్రానికి పాతిక ట్యాగులంటే, ఏ ట్యాగు నొక్కినా లైబ్రరీ అంతా కదిలి వస్తుంది.

చేతులు మారేటప్పుడు

పరిశోధన ముగుస్తుంది, అమ్మాయి ఉద్యోగానికి వెళ్లిపోతుంది, వెనక వచ్చిన విద్యార్థి అదే తీరం మీద పని మొదలుపెడతాడు. లాప్‌టాప్‌ అంతా కాపీ చేసి ఇస్తే వాడికి పీడీఎఫ్‌లు దక్కుతాయి, సర్దుబాటు దక్కదు. జొటేరో నుంచి రికార్డులను ఆర్‌ఐఎస్ లేదా బిబ్‌టెక్ పద్ధతిలో ఎగుమతి చేసుకోవచ్చు. 1985 నాటి బిబ్‌టెక్‌కు తెలుగు అక్షరాలు సరిగ్గా పట్టవు, దాని తర్వాతి తరం బైబర్‌కు పడతాయి. ఎగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకున్నామా లేదా చూసుకోవాలి. నోట్సునూ ఫైళ్లనూ కూడా ఎగుమతి చేయాలా అని అడిగే గళ్లకు టిక్కు పెట్టడం చాలామంది మర్చిపోతారు. ప్రభవ మాఘం లెక్కలన్నీ ఉన్నది ఆ నోట్స్‌లోనే.

తప్పు రికార్డు కనపడితే దాన్ని మన లైబ్రరీలో దిద్దుకోవడం ఒక ఎత్తు, మూలంలో దిద్దించడం ఇంకో ఎత్తు. క్రాస్‌రెఫ్ రికార్డును మార్చే అధికారం ప్రచురణకర్తది, మనం తెలియజేయగలం అంతే. వికీడేటాలో మాత్రం ఎవరైనా రికార్డు చేర్చొచ్చు, దిద్దొచ్చు. పాత సంపుటంలోని పత్రాలకు శీర్షిక, రచయితలు, పేజీలు చేత్తో కొట్టుకున్నాం కదా, అవే వివరాలను అక్కడ కూడా పెడితే తర్వాతివాడు మళ్లీ కొట్టే పని ఉండదు.

వెనక వచ్చిన విద్యార్థికి లైబ్రరీ ఇవ్వబోయే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోవాలి. ఎగుమతి ఫైలును మరో కంప్యూటర్లో తెరిచి ‘పైరు’ అనీ, ‘పంప్‌సెట్’ అనీ వెతకండి. మన లైబ్రరీలో ఎన్ని వచ్చాయో అక్కడా అన్నే రావాలి. తక్కువొస్తే ఐత్వం దగ్గరో, కనపడని అక్షరం దగ్గరో తేడా కొట్టిందన్నమాట. రాని రికార్డులు ఏవో రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది. వాటి శీర్షికలు మళ్లీ కొట్టి, ఇంకోసారి ఎగుమతి చేసి ఇవ్వడమే.